ముఖం లేని మనిషికి జుట్టు గీసిన రోజులు

దోహాలో నా ఉద్యోగం గీతలు గీయడం. ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన ప్లాన్ల మీద పల్చని ట్రేసింగ్ పేపరు పరిచి, సిరా పెన్నుతో ఆ గీతలన్నీ మళ్ళీ గీసేదాన్ని. కాకినాడ పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న పని అది. పెళ్ళయి ఖతర్ వచ్చాక ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో అదే పని దొరికింది. చేయి వణక్కూడదు. ఊపిరి గట్టిగా వదలకూడదు. గీత మొదట్లో ఎంత సన్నగా ఉందో చివర్లోనూ అంతే సన్నగా ఉండాలి. అంతకు మించి ఏమీ తెలియక్కర్లేదు, నాకు తెలియదు కూడా.

తొంభైలు సగం గడిచేసరికి ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటు ప్లాటరు అనే యంత్రం ఒకటి వచ్చి గోడ పక్కన కూర్చుంది. నేను వారమంతా గీసేది అది మేం టీ తాగి వచ్చేలోపు గీసి కింద పడేసేది. మేనేజరు మర్యాదగానే చెప్పాడు, వచ్చే నెల నుంచి రావద్దని. నా వీసా మావారి పేరు మీదికి మారింది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక దర్జీ కొట్టు పైన మా ఇల్లు. పగలంతా కింద కుట్టు మిషన్ల చప్పుడు వింటూ, చేసేది లేక, పాత క్యాలెండర్ల వెనక గీతలు గీస్తూ కూర్చునేదాన్ని.

ఒకరోజు ఫోను మోగింది. చేసినాయన జపాన్ ఇంజనీరు. ఉత్తరాన సముద్రపొడ్డున కడుతున్న గ్యాస్ ప్లాంటులో పని ఆయనకి. డ్రాయింగుల కోసం మా ఆఫీసుకు వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గర ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి వెళ్ళేవాడు. ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. ఫోన్లో కూడా తక్కువే మాట్లాడాడు. తన భార్య బొమ్మలు వేస్తుంది, ఆమెకు గీత గీయగల మనిషి ఒకరు కావాలి, తాను వారంలో చాలా రోజులు సైట్‌లోనే ఉంటాడు, వస్తారా అని.

సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన ఏసీ కంపెనీలో సూపర్వైజరు. బూట్లు విప్పుతూ అలాగే ఆగిపోయారు.

"ఏ బొమ్మలంట?"

"అడగలేదండి. పిల్లల పుస్తకాలకేమో."

"ఇదిగో, మనకెందుకొచ్చిన గొడవ చెప్పు. నువ్విప్పుడు నా వీసా మీద ఉన్నావు. బయట పని చేయకూడదు. రేపెవడన్నా చెప్పాడనుకో, ఇద్దర్నీ కలిపి విమానం ఎక్కించేస్తారు."

"స్నేహితురాలింటికి వెళ్ళానంటాను. ఆడవాళ్ళ ఇళ్ళకి ఆడవాళ్ళు వెళ్ళరా ఏంటండీ?"

ఆయన రెండో బూటు విప్పి పక్కన పెట్టారు. రెండు రోజుల తర్వాత ఆయనే అన్నారు, "పోనీ పొద్దున్న డ్యూటీకెళ్తూ దింపేస్తాలే" అని. నేను క్యాలెండర్ల వెనక గీస్తున్న గీతలు చూశారనుకుంటాను.

ఆ ఇల్లు అల్ అజీజియాలో. ఎత్తయిన ప్రహరీ, ఇనుప గేటు, వరసగా ఒకేలాంటి విల్లాలు. ఆవిడే వచ్చి తలుపు తీసింది. యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. మెడ దాకా కత్తిరించిన జుట్టు. నన్ను చూడటానికి తల ఒక పక్కకు తిప్పింది, కోడి నేలమీది గింజను చూసేటప్పుడు తిప్పినట్టు. నా భుజం వెనక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అటు చూస్తూ "రండి" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. ఎండ తప్ప ఏమీ లేదు.

పని గది కిటికీలకు మందపాటి తెరలు. లోపల ట్యూబులైట్లు. గోడలంతా బొమ్మలు. మొదట నాకు ఆడపిల్లల బొమ్మలే కనిపించాయి. పెద్ద కళ్ళు, స్కూలు యూనిఫారాలు, గాలికి ఎగిరే జుట్టు. అవి చూసి మనసు కుదుటపడింది. తర్వాత గది చివరికి వెళ్ళేకొద్దీ ఆ పిల్లల వెనక నిలబడిన వాళ్ళు కనిపించడం మొదలైంది. మెట్ల కింద ముడుచుకున్నవాళ్ళు. అద్దంలో ఉండి, గదిలో లేనివాళ్ళు. నీళ్ళ తొట్టిలోంచి చేయి ఒక్కటే బయట పెట్టినవాళ్ళు.

"భయంగా ఉందా?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఉన్న మాటలతోనే సర్దుకునేవాళ్ళం.

"ఉంది మేడమ్."

"మంచిది. అది నా పని."

అలా తెలిసింది, నేను వచ్చింది దయ్యాల బొమ్మలు వేసే మనిషి దగ్గరికని.

తన సంగతి ఆవిడ ఒక్కసారిగా చెప్పలేదు. నేను గీస్తూ ఉంటే, పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా చెప్పింది. చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉన్న చిన్న ఊరు ఆమెది. స్కూలు అవగానే టోక్యో వెళ్ళి, అక్కడ పేరున్న ఒక బొమ్మల కథల ఆర్టిస్టు దగ్గర సహాయకురాలిగా చేరింది. ఏళ్ళ తరబడి ఆమె గీసింది వాన, జుట్టు. ఆ రెండే. ముఖాలు గురువు వేసేవాడు. తర్వాత ఆడపిల్లల పత్రికలో సొంతంగా ప్రేమ కథలు వేసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి విసుగొచ్చి, ప్రేమించిన పిల్లవాడు అసలు బతికే లేడని కథ ముగించింది. ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయట. అప్పటి నుంచి పత్రికవాళ్ళు భయం తప్ప ఇంకేమీ అడగలేదు. ఆమె బొమ్మలు చూసి ఆడపిల్లలు దీపం ఆర్పకుండా పడుకునేవాళ్ళు.

ఆ పత్రిక మూతపడ్డాక కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. అప్పుడొక కుర్రాడు వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు అక్క పత్రికలు దొంగతనంగా చదివి, ఆమె బొమ్మలకు జడుసుకుని జ్వరం తెచ్చుకున్నవాడు. ఇప్పుడు వీడియో గేములు తయారుచేసే కంపెనీలో ఉన్నాడు. మా గేములో మనుషులకు మీరు రూపం ఇవ్వాలి అన్నాడు. ఆ గేము బాగా అమ్ముడుపోయింది. రెండో దానికీ ఆమెనే అడిగారు. అంతలో భర్తకు ఖతర్ బదిలీ అయింది. కాగితాలు కొరియర్లో వెళతాయి, ఫ్యాక్స్ ఉంది, ఎక్కడుంటే ఏమిటి అనుకుని వచ్చేసింది.

గేములో మనిషికి బొమ్మ ఒకటి వేస్తే చాలదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వేయాలి. మూడూ ఒకే ఎత్తులో, భుజానికి భుజం, మోకాలికి మోకాలు సరిపోవాలి. వాటిని చూసి కంపెనీలో వాళ్ళు కంప్యూటరు మీద మనిషిని కడతారు. ఆవిడ దాన్ని వివరించడానికి మాటలు వెతుక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది.

"ఇది ఎలివేషన్ మేడమ్. ఇళ్ళకి ఇలాగే గీస్తాం."

ఆవిడ తల పక్కకు తిప్పి నా చెవి వైపు చూసింది. "అయితే నువ్వు ఇల్లు కట్టు. దయ్యాన్ని నేను లోపల పెడతాను" అంది.

నాకు ఇచ్చిన పని జుట్టు. ఆ రెండో గేములో ఒక ఆడమనిషి ఉంది. నేల దాకా జుట్టు. ఒక్కొక్క వెంట్రుక పాళీతో గీయాలి. మొదట్లో కొంచెం నొక్కి, చివరకు వచ్చేసరికి గాలిలోకి లేపేయాలి. నాకు అలవాటైన గీతకు ఇది పూర్తిగా వ్యతిరేకం. నా గీతలు చూసి "ఇవి వెంట్రుకలు కావు, వైర్లు" అనేది. వారం దాటాక గానీ నా చేయి దారికి రాలేదు. ఆ జుట్టు మధ్యలో ముఖం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండేది. అది ఆవిడ వేస్తుందేమో అనుకున్నాను. ఒకరోజు ఆవిడ కుంచె ముంచి, ఆ ఖాళీలో సిరా నింపింది. అంచులు పొగలా పాకేలా, నడుమ చిక్కగా, బావిలోకి తొంగి చూసినట్టు.

"ముఖం మేడమ్?"

"ఇదే."

గోడమీది బొమ్మలన్నీ కథలు. ఇది కథలా లేదు. ఎవరో ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి వేసినట్టుంది.

"ఎవరు మేడమ్ ఈమె?"

ఆవిడ కుంచె కడిగి పక్కన పెట్టింది. తర్వాత ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని, కుడి కంటితో నా వైపు నేరుగా చూసింది. నేను వచ్చాక ఆవిడ నన్ను నేరుగా చూడటం అదే మొదటిసారి.

"ఇప్పుడు నువ్వు" అంది. "ఈ కంటితో ఎక్కడ చూస్తే అక్కడ ఏమీ ఉండదు. చుట్టూ ఉంటుంది. నీ జుట్టు ఉంది, చెవి పోగులు ఉన్నాయి, గొంతు వినిపిస్తోంది. ముఖం లేదు."

కుడి కంటి లోపల రక్తం చిమ్మి ఆ చూపు జపాన్లో ఉండగానే పోయిందట. ఎడమ కంటితో పనిచేస్తూ వచ్చింది. ఖతర్ వచ్చిన కొన్నాళ్ళకు ఆ కంటికి నిటారు గీతలు వంకరగా కనిపించడం మొదలైంది. తలుపు చట్రం వంగినట్టు, స్కేలు నీళ్ళలో ఉన్నట్టు. తను గీసింది వంకరో, తన కన్ను వంకరో తెలియని స్థితి. అందుకే నేను.

"కంపెనీకి చెప్పలేదా మేడమ్?"

"చెప్తే పని తీసేసుకుంటారు. ఈ బొమ్మ వాళ్ళకు చాలా నచ్చింది. ఎలా ఊహించారని ఫ్యాక్స్ పంపారు." ఆవిడ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నేను ఊహించలేదు."

ఆ రోజు నుంచి భయం నాతోపాటు ఇంటికి రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్నానాల గదిలో ఒక కన్ను మూసి, గోడ పలకల మధ్య గీతలు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. తర్వాత రెండో కన్ను మూసి చూసేదాన్ని. అప్పట్లో అక్కడ చర్చిలు ఉండేవి కావు. శుక్రవారం మావాళ్ళం కొందరం ఒక ఇంట్లో చేరి, కిటికీ తెరలు వేసుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను మూసుకోలేకపోయేదాన్ని. మూస్తే జుట్టు కనిపించేది, నా చేత్తో గీసిన జుట్టు. దేవుణ్ణి కొలిచే చేత్తో దయ్యాన్ని గీస్తున్నానేమో అన్న గుబులు ఒకటి. మావారితో అంటే, "మానేయకూడదూ?" అన్నారు. మానేస్తే ఆవిడకు ఎవరున్నారన్నది రెండో గుబులు.

మూడోది పక్కింటి డ్రైవరు తెచ్చిపెట్టాడు.

పక్క విల్లా ఖతరీలది. వాళ్ళ దగ్గర డ్రైవరుగా ఉన్నతను మన కడప జిల్లా మనిషి. నేను గేటు దగ్గర మావారి కోసం నిలబడినప్పుడు తెలుగు మాట విని పరిచయం చేసుకున్నాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. ఒకరోజు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు.

"అక్కా, అడుగుతానని ఏమీ అనుకోగాకు. ఆ ఇంట్లో నువ్వు ఏం పని చేస్తాండావు?"

"ఊరికే వస్తుంటానయ్యా. ఏం?"

"ఆయమ్మ చేతబడి చేస్తాదంట కదా?"

"ఎవరన్నారు?"

"మా ఇంట్లో పనిమనిషి చెత్త డబ్బా కాడ కాయితాలు చూసిందంట. మొగం లేని ఆడది, జుట్టు, పక్కన ఏందో రాతలు. మంత్రాలే అని అరిచింది. నేను ఆ కాయితం గుంజుకోని చించేసినాలే. మా మామా చూసింటే పోలీసులకి ఫోన్ చేసుండేది. ఇక్కడ ఆ మాట వస్తే ఇంగ అంతే అక్కా, చానా పెద్ద కత."

మామా అంటే వాళ్ళ యజమానురాలు. పక్కన ఉన్న రాతలు మంత్రాలు కావు, ఎత్తు, బట్ట రంగు, బూటు మడమ కొలత. అది అతనికి ఎలా చెప్పను? "కథల పుస్తకానికి బొమ్మలయ్యా" అన్నాను. అతను తల ఊపాడు గానీ, ఆ ఇంటి గేటు వైపు చూసిన చూపులో నమ్మకం లేదు.

మర్నాడు ఆవిడతో చెప్పాను. అప్పటి నుంచి చిత్తు కాగితాలన్నీ చిన్న ముక్కలు చేసేవాళ్ళం. నేను వాటిని చేతిసంచీలో ఇంటికి తీసుకెళ్ళి, బకెట్టు నీళ్ళలో నానబెట్టి, సిరా కరిగిపోయాక పిండి పారేసేదాన్ని. దారిలో పోలీసు బండి కనిపిస్తే సంచీని ఒళ్ళోకి లాక్కునేదాన్ని. "ఏంటది?" అని మావారు అడిగితే "ఏం లేదండి" అనేదాన్ని. ఏం లేదని ఆయనకూ అనిపించలేదు.

వేసవి ముదిరాక టోక్యో నుంచి ఫ్యాక్స్ వచ్చింది. ఆ కుర్రాడే, ఇప్పుడు గేముకి పెద్ద, స్వయంగా వస్తున్నాడు. మిగిలిన పాత్రల గురించి కూర్చుని మాట్లాడాలట. ఆవిడ ఆ కాగితాన్ని కంటికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ చదివింది.

"గీత మారిందని పట్టేశాడు" అంది. "నీ గీత నాకంటే శుభ్రంగా ఉంటుంది."

ఆవిడ ఒక ఏర్పాటు చెప్పింది. అతను వచ్చినప్పుడు నేను ఇంటి పనిమనిషిని. టీ ఇచ్చి వెళ్ళిపోవాలి. బొమ్మలన్నీ బల్లమీద సిద్ధంగా ఉంటాయి. ఒక గంట కూర్చుని వెళతాడు. అంతే.

అతను వచ్చే రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి గేటు తీసే ఉంది, తలుపూ తీసే ఉంది. పని గదిలో తెరలు పూర్తిగా పక్కకు లాగేసి ఉన్నాయి. ఎండంతా లోపలికి వచ్చి పడుతోంది. ట్యూబులైట్లు, బల్ల దీపం, అన్నీ వెలుగుతున్నాయి. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"దీపం వెయ్యి" అంది.

నేను ఒక్కొక్క దీపం వైపూ చూశాను. "అన్నీ వేసే ఉన్నాయి మేడమ్."

ఆవిడ తల అటూ ఇటూ తిప్పింది, కిటికీ కోసం వెతుకుతున్నట్టు. పొద్దున లేచేసరికి ఎడమ కంటి నడుమ ఎర్రగా ఏదో పరుచుకుందట. తర్వాత నల్లబడిందట. ఇప్పుడు రెండు కళ్ళలోనూ నడుమ చీకటే.

"ఆసుపత్రికి వెళదాం పదండి."

"అతను వెళ్ళాక."

"మేడమ్, ఆలస్యమైతే ..."

"అతను వెళ్ళాక" అంది మళ్ళీ, ఈసారి నా మణికట్టు పట్టుకుని. చల్లటి చెయ్యి. ఆ పట్టుకు నాకు నొప్పి పుట్టింది. ఆమె భర్త కోసం ప్లాంటుకు ఫోన్ చేశాను. సైట్ ఆఫీసులో ఎవరో ఎత్తి, ఆయన లోపల ఉన్నారు, చెప్తాం అన్నారు. చెప్పలేదని తర్వాత తెలిసింది.

అతను వచ్చాడు. ఆ ఎండలో కోటు, టై. చెమటకు చొక్కా కాలరు తడిసిపోయింది. నడుము వంచి నమస్కారం చేశాడు. ఆవిడా వంచింది, కొంచెం పక్కకు. వాళ్ళు జపనీసులో మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క మాటా అర్థం కాదు. అర్థం కాకపోవడం మరీ భయం. గొంతుల ఎత్తుపల్లాలే వింటూ, వంటగదిలో కప్పులు సర్దుతూ నిలబడ్డాను. ఆవిడ బాగానే నెట్టుకొచ్చింది. బొమ్మలు ఏ వరసలో ఉన్నాయో ముందే కంఠతా పట్టింది. అతను తీసిన బొమ్మ ఏదో మాటల్లోనే కనిపెట్టి జవాబు చెబుతోంది.

నేను టీ పట్టుకెళ్ళేసరికి అతను సంచీలోంచి గట్టి తెల్ల అట్ట ముక్క ఒకటి తీశాడు, ఒక పెన్ను తీశాడు. రెండు చేతులతో ఆవిడ ముందు పెట్టి సిగ్గుపడుతూ ఏదో అడిగాడు. అభిమానులు ఆర్టిస్టులను అలా అడుగుతారట, ఎదురుగా ఒక బొమ్మ వేసి సంతకం చేసివ్వమని. కాదనడం మర్యాద కాదట.

ఆవిడ వేళ్ళతో అట్ట అంచులు తడిమింది. పెన్ను తీసుకుంది. నేను ట్రే పట్టుకుని అక్కడే ఉండిపోయాను. ముఖం గీత వచ్చింది, ఎక్కడా తడబడకుండా. గడ్డం, మెడ, నుదుటి మీద జుట్టు. ఎన్నేళ్ళుగానో వేసిన చెయ్యి, దారి దానికి తెలుసు. ఒక కన్ను వేసింది, పెద్ద కన్ను, లోపల వెలుగు చుక్కతో సహా. తర్వాత పెన్ను ఎత్తింది. ఎత్తిన పెన్ను మళ్ళీ ఎక్కడ దించాలో తెలియక గాలిలో ఒక్క క్షణం ఆగింది. దించింది. రెండో కన్ను ముఖం దాటి, చెవి కింద, జుట్టులో పడింది.

ఆవిడకు తెలియదు. శ్రద్ధగా దానికి రెప్పలు గీసింది. కింద సంతకం పెట్టింది. చిరునవ్వుతో రెండు చేతులా అట్టను అతనికి అందించింది.

అతను చూశాడు. అంతవరకూ నేను చూసిన దయ్యాల బొమ్మల్లో ఏదీ నన్ను ఆ అట్టమీది బొమ్మంత భయపెట్టలేదు. అతను దాన్ని రెండు చేతులతో తీసుకుని తల వంచాడు. వంచిన తల చాలాసేపు ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

నేను టీ కప్పు అతని ముందు పెట్టాను. అప్పుడు అతని చూపు నా వేళ్ళ మీద పడింది. గోళ్ళ చుట్టూ సిరా, ఎంత తోమినా పోని సిరా. అతను ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

"జుట్టు మీరా?"

ఏం చెప్పాలో ఆవిడ కళ్ళలో చూద్దామనుకున్నాను. ఆవిడ తల నా వైపే తిప్పింది. కానీ నా ముఖం ఆవిడకు లేదు. ఔనని సైగ చేయాలో కాదని చేయాలో చెప్పమని నేను పడుతున్న తపన ఆవిడకు కనిపించదు.

చివరికి ఆవిడే జపనీసులో మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఆగి ఆగి. ఆవిడ ఎడమ కన్ను, కుడి కన్ను చూపించింది. నా వైపు చెయ్యి చాపింది. ముఖం లేని ఆడమనిషి బొమ్మ మీద వేలు పెట్టి ఏదో చెప్పింది, అది ఊహించింది కాదనే అయ్యుంటుంది. అది విన్నాక అతను కుర్చీలోంచి లేచి నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చుని, నుదురు కిందికి వంచాడు. లేచి నాతో, "కారు ఉందా? ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి" అన్నాడు.

అతను వచ్చిన టాక్సీ వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే మిట్టమధ్యాహ్నం ఎవరూ రారన్నారు. నేను పక్కింటి గేటు దగ్గరికి పరిగెత్తాను. కడప డ్రైవరు నీడలో కారు తుడుస్తున్నాడు.

"తమ్ముడూ, ఆవిడకు కళ్ళు పోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

అతని చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. "ఆయమ్మనా? ఈ కార్లోనా?"

"ఇంకో దారి లేదయ్యా."

"అక్కా, మామా నిద్రపోతాంది. అడక్కుండా బండి తీస్తే నన్ను ఊరికి తోలేస్తారు. అది గాక ఆయమ్మ ..." అని ఆగి, "నాకు భయ్యంగా ఉండాది అక్కా" అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది."

అతను గేటు వైపు చూశాడు. అతిథి చెయ్యి పట్టుకుని ఆవిడ ఒక్కో అడుగూ తడుముకుంటూ బయటికొస్తోంది. చెప్పు ఒకటి జారిపోతే, దాని కోసం కాలితో వెతుకుతోంది, దొరకడం లేదు. డ్రైవరు గుడ్డ పడేసి వెళ్ళి, వంగి ఆ చెప్పును ఆవిడ కాలికి తొడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "యల్లా, పోదాం అక్కా, ఎక్కండి" అన్నాడు.

దారంతా పెదాలు కదుపుతూ సన్నగా గొణుగుతూనే ఉన్నాడు, ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో. అద్దంలోంచి వెనక సీటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర మాత్రం ఆవిడ ఆసరా కోసం చెయ్యి చాపితే, తన చొక్కా చేయి పట్టుకోనిచ్చాడు. తలుపు దాకా నడిపించి, "ఏమ్మా, మెల్లగా" అన్నాడు తెలుగులో. ఆవిడకు అర్థమైందో ఏమో తల ఊపింది.

డాక్టరు చూసి చెప్పినదాని సారాంశం ఇది. లేజరుతో రక్తం కారడం ఆపవచ్చు, కాల్చిన చోట చూపు తిరిగి రాదు. చుట్టూ ఉన్న చూపు మిగులుతుంది. నడవగలదు, వండుకోగలదు, మనిషిని మనిషిగా పోల్చుకోగలదు. ముఖాలు చూడలేదు. సాయంత్రానికి ఆమె భర్త సైట్ నుంచి వచ్చాడు. ఆమె పక్కన కూర్చుని, మా ఆఫీసులో నా బల్ల దగ్గర నిలబడినట్టే, మాటలు లేకుండా చాలాసేపు ఉండిపోయాడు.

నేను భయపడినవాటిలో చాలా జరగలేదు. పోలీసులు ఎవరూ రాలేదు. డ్రైవరును వాళ్ళ మామా బాగా తిట్టింది, రెండు రోజులు తాళాలు లాక్కుంది, ఊరికి మాత్రం పంపలేదు. టోక్యో కంపెనీ వాళ్ళు మిగతా పాత్రలను వేరే ఆర్టిస్టుకు ఇచ్చారు. ముఖం లేని ఆడమనిషిని మాత్రం ఆమెకే వదిలారు. ఆ నెలంతా ఆవిడ మాటల్లో చెప్పడం, నేను గీయడం. "భుజం ఇంకా కిందికి. ఆమె అలిసిపోయింది. ఎవరినీ భయపెట్టాలని లేదు. తన ముఖం ఎవరైనా చూస్తారేమోనని దగ్గరికి వస్తుంది, అంతే" అనేది. గీసినదాన్ని వేలితో తడిమి, సిరా గరుకును బట్టి సరిపోయిందో లేదో చెప్పేది. నేను శుక్రవారం ప్రార్థనలో కళ్ళు మూసుకోగలిగింది ఆ మాటలు విన్నాకే.

చలికాలం రాకముందే వాళ్ళు జపాన్ వెళ్ళిపోయారు. గోడమీది బొమ్మలన్నీ పెట్టెల్లో సర్దింది నేనే. విమానాశ్రయానికి నేను వెళ్ళలేదు. ఎవరైనా అడుగుతారేమో, ఎలా తెలుసంటారేమో అని.

మావారు ఎక్కడో కనుక్కుని నన్ను కంప్యూటర్ డ్రాఫ్టింగు నేర్పే చోట చేర్పించారు. మౌసు పట్టుకుంటే చేయి వణికేది. అయినా పట్టుబట్టి నేర్చుకున్నాను. స్నానాల గది పలకలు చూసుకోవడం మాత్రం మానలేకపోయాను.

తర్వాతి ఏడాది ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. దూరం నుంచి వచ్చే ఫోన్లలో ఉండే గరగర. ఆవిడ గొంతు. బొమ్మల కథలు నేర్పే బడిలో పాఠాలు చెబుతోందట. తను మాట్లాడుతుంటే పిల్లలు గీస్తారట.

"బాగా గీస్తారా మేడమ్?"

"ముఖాలు బాగా గీస్తారు. జుట్టు దరిద్రం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ డ్రైవరు ఎలా ఉన్నాడని అడిగింది. సెలవు మీద ఊరికి వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చాడని చెప్పాను. "ఆ రోజు కారులో ఏం పాడుతున్నాడు?" అంది. పాట కాదు మేడమ్, భయపడి దేవుణ్ణి తలుచుకున్నాడని చెప్పాను.

"నేనూ అదే చేశాను" అంది. వెనక ఎవరో పిలిచారు, తరగతికి వేళయిందట. పెట్టేస్తానని చెప్పి పెట్టేసింది.